రెండు వందల గంటల సర్టిఫికెట్ గారికి

హనుమకొండ నుంచి మీ ఓనరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. టీవీ పైన మేకుకు మీరు కూడా క్షేమంగానే వేలాడుతున్నారనుకుంటాను. మీ వెనక బల్లి కాపురం పెట్టింది, గమనించగలరు.

యోగా టీచరు శిక్షణలో మీ కోసం 200 గంటలు పెట్టాను. ఆ లెక్క యోగసూత్రాలు రాసిన పతంజలిది కాదట, 1999లో అమెరికాలో పుట్టిన యోగా అలయన్స్ అనే సంస్థ పెట్టిన కొలత. పతంజలి మాటల్లో మహా పిసినారి. ఆయన సూత్రాలు 195 అని కొందరు, 196 అని కొందరు లెక్కపెడతారు గానీ, వాటిలో ఆసనం గురించి ఉన్నవి మూడే. మొదటిది ‘స్థిరసుఖమాసనమ్’. కదలకుండా, హాయిగా ఉండాలి, అంతే. మా అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ గంటసేపు నేలమీద అలాగే కూర్చుంటుంది. మీలాంటి వారితో ఆమెకు పరిచయం లేదు.

సరే, అసలు విషయం మీ తమ్ముడి గురించి. పోయిన నెల హంటర్ రోడ్డులో ఓ ఫంక్షన్ హాల్లో ‘ఎనర్జీ, కోర్’ అని రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. ఆరు వేలు కట్టి తెచ్చుకున్న కాగితం అతను.

అందరూ పసుపు బట్టల్లో రావాలన్నారు. ఒంట్లో శక్తి కేంద్రాలంటారే, ఆ చక్రాల్లో నాభి దగ్గరుండే మణిపూరం పసుపు రంగట. కొత్త కుర్తా తొడుక్కుని బయల్దేరుతుంటే అమ్మ అడ్డుపడింది: “ఏందిరా, నలుగు పెట్టిన పెండ్లి పిల్లగాని లెక్కున్నవ్?” హాల్లో చూస్తే ఓ పెద్ద బతుకమ్మ పేర్చడానికి సరిపోయేన్ని తంగేడుపూలలా కూర్చున్నాం. ఇంటికొచ్చాక తెలిసింది, 1577లో పూర్ణానందుడు రాసిన షట్చక్ర నిరూపణం అనే పుస్తకంలో ఆ చక్రాన్ని తామరపువ్వులా చెప్పారు, దాని పది రేకులూ వానమబ్బు రంగు. చక్రాలకు ఇంద్రధనుస్సు రంగులు వరసగా పూసింది 20వ శతాబ్దపు పడమటి దేశాలవాళ్లు. వానమబ్బు రంగు కుర్తా నాకు ఇంట్లోనే ఉంది సార్. తొమ్మిది వందలు మిగిలేవి.

ఎనర్జీ సంగతి వినండి. అరచేతులు రుద్ది ఎదురెదురుగా పెట్టమన్నారు. “మధ్యలో బంతి తెలుస్తోందా?” అన్నారు గురువుగారు. తెలుస్తోందని అందరూ అన్నారు. నాకైతే చేతులు వేడెక్కినట్టు మాత్రం తెలిసింది. అయినా ఆరు వేలు కట్టినవాణ్ణి కదా, తెలుస్తోందనే అన్నాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. “చూశారా, మీ అందరి శక్తికి హాలు తట్టుకోలేకపోయింది” అన్నారాయన. వెనక నుంచి జనరేటర్ పిల్లగాడు “డీజిల్ అయిపోయింది సార్” అన్నాడు.

కోర్ అంటే ఏమిటన్నది రెండు రోజులూ తేలలేదు. పొద్దున పొట్ట, మధ్యాహ్నం ఆత్మ, సాయంత్రానికి పైకోర్సు ఫీజు. ఉన్నది చెప్పాలంటే అదొక గది లాంటిది: పైకప్పు ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రమ్ కండరం, నేల కటి కండరాలు, చుట్టూ గోడలు పొట్టా వెన్నూ. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా ఎత్తే హమాలీని చూడండి. ఎత్తబోయే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి పొట్ట గట్టిచేస్తాడు. ఆ క్షణం గురించి మాకు నూట నలభై స్లైడ్లు వేశారు.

చివర్లో ఉడ్డియాన బంధం. ఊపిరంతా వదిలేసి పొట్టను లోపలికీ పైకీ లాగాలి. పరగడుపున చేయాల్సింది. మాకు బగారన్నం తిన్న ముప్పావు గంటకు నేర్పారు. నా పక్కాయన లేచి బాత్‌రూమ్ వైపు పరుగెత్తిన తీరు ఏ ఆసనంలోనూ లేదు. యోగాన్ని చెడగొట్టేవి ఆరని హఠయోగ ప్రదీపిక అనే పాత యోగా పుస్తకం అంటుంది. అందులో అతిగా తినడం ఒకటి, అతిగా మాట్లాడటం ఒకటి. మొదటిది మేం చూసుకున్నాం, రెండోది గురువుగారు.

మీ తమ్ముణ్ణి మీ పక్కనే వేలాడదీద్దామని ఫ్రేము షాపుకు బయల్దేరాను. కాగితం కనపడలేదు. వంటింట్లోకి వెళ్తే అమ్మ నేలమీద, ముందు చిక్కుడుకాయల కుప్ప. ఈనెలు మీ తమ్ముడి మీద పడుతున్నాయి.

“మంచి గట్టి కాయిదం రా, తడికి నానుతలేదు” అంది.

ఇట్లు,
పైకోర్సుకు అడ్వాన్సు కట్టేసిన
మీ ఓనరు