ఆమోదం ఏ జబ్బుకు?

మందులకు లొంగని కుంగుబాటు (డిప్రెషన్) కోసం వచ్చిన టీఎంఎస్ అనే అయస్కాంత యంత్రం ఇప్పుడు మాటలు రాని పిల్లవాడి తల మీదికి ఎక్కింది. ఆటిజానికట. మతిమరుపుకట. చెవిలో హోరుకట. పరీక్షల ముందు ఏకాగ్రత కుదరడానికి కూడానట. క్లినిక్ ప్రకటన ఏదైనా కుర్చీ అదే, తీగచుట్ట అదే, అడుగున ముద్ర కూడా అదే: అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన చికిత్స. ఆమోదం ఏ జబ్బుకు? ఆ ఒక్క మాట ఎక్కడా కనిపించదు. మా అభ్యంతరమంతా ఆ దాచిన మాట మీదే.

ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్, క్లుప్తంగా టీఎంఎస్, బూటకం కాదు. 1831లో ఫారడే చెప్పిన సూత్రమే దీనికి ఆధారం: అయస్కాంత క్షేత్రం చకచకా మారితే పక్కనున్న వాహకంలో కరెంటు పుడుతుంది. ఇక్కడ ఆ వాహకం మెదడు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం తల మీద తీగచుట్ట ఆనించి చేతి కండరాన్ని కదిలించి చూపింది. ఇవాళ్టికీ చికిత్స అక్కడే మొదలవుతుంది. రోగి చెవుల్లో ప్లగ్గులు పెట్టి, ఎనిమిది అంకెలా ఉండే చుట్టను తలకు ఆనించి మీట నొక్కుతారు. టక్కుమంటుంది. ఒళ్లో ఊరికే పడి ఉన్న చేతి బొటనవేలు, తనను ఎవరో పిలిచినట్టు, ఎగిరిపడుతుంది. ఎంత శక్తికి అది కదిలిందో అదే ఆ మనిషి మోతాదుకు కొలత. ఆ తర్వాత చుట్టను నుదుటికి ఎడమవైపు పైభాగానికి జరుపుతారు. వడ్రంగిపిట్ట పొడిచినట్టు 4 సెకన్లు, 26 సెకన్లు విరామం, మళ్లీ 4 సెకన్లు. మొత్తం 37.5 నిమిషాలు, 3,000 పల్సులు, అంటే అయస్కాంతపు తాకిళ్లు. వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు. మత్తు ఇవ్వరు. కరెంట్ షాక్ చికిత్సలోలా జ్ఞాపకశక్తి దెబ్బతింటుందన్న భయమూ లేదు. లేచి ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోవచ్చు.

2008 అక్టోబరులో ఎఫ్‌డీఏ దీనికి అనుమతి ఇచ్చింది. పెద్దవారికి, అదీ ఒక మందు వాడినా ఫలితం లేని కుంగుబాటుకు. 2015లో బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ కూడా కుంగుబాటుకు వాడవచ్చంది. 414 మంది రోగులతో జరిగి 2018లో వెలువడిన అధ్యయనం, పాత పద్ధతిలో 37.5 నిమిషాలు పట్టే పని కొత్త పద్ధతిలో మూడు నిమిషాల్లో అంతే బాగా అవుతుందని తేల్చింది. ఇదంతా చెమటోడ్చి సంపాదించుకున్న పరువు. కొందరు కుర్చీల యజమానులు ఇప్పుడు ఆ పరువునే అడగకుండా అరువు తెచ్చుకుని, ఊరూ పేరూ లేని వాడకాలకు అంటగడుతున్నారు.

ఇంకో సంగతి. ఎఫ్‌డీఏ ఈ యంత్రాలకు ఇచ్చేది ‘క్లియరెన్స్’. కొత్త మందుకు ఇచ్చే ‘అప్రూవల్’ వేరు, దాని కష్టమూ వేరు. మొదటి యంత్రం దారి వేశాక, తర్వాత వచ్చిన చాలా యంత్రాలు తాము పాతదానికి సాటి అని చూపించి ఆ గుమ్మం దాటాయి. దాటింది కూడా ఫలానా జబ్బుకని పేరు రాసిచ్చిన కాగితంతోనే. గుమ్మం దాటాక ఆ పేరు చెరిపేసి, కాగితాన్ని మాత్రం అద్దం కట్టించి గోడకు తగిలిస్తున్నారు.

కుంగుబాటులో సైతం ఫలితాలు ప్రకటనలు చెప్పినంత తళుకుగా లేవు. అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగి 2010లో వెలువడిన పరీక్షలో అసలు చికిత్స పొందినవారిలో దాదాపు 14 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. ఉత్తుత్తి చికిత్స, అంటే పల్సులు మెదడుకు చేరని చికిత్స, పొందినవారిలో 5 శాతం. తేడా ఉంది, నిజం. కానీ 2018లో 164 మంది అమెరికా మాజీ సైనికులతో చేసిన పరీక్ష చూడండి: అసలు చుట్ట కింద కూర్చున్నవారిలో 41 శాతం కోలుకున్నారు, ఉత్తుత్తి చుట్ట కింద 37 శాతం. లెక్క ప్రకారం అది తేడాయే కాదు. మెదడుకు ఏమీ తగలకుండానే వందకు ముప్పై ఏడుగురు తేరుకున్నారు. రోజూ ఒక చోటికి వెళ్లడం, అక్కడ పేరు పెట్టి పలకరించే మనిషి ఉండటం, రాత్రి నిద్రపట్టిందా అని అడగడం... ఇవి ఎంత పని చేశాయో ఎవరికి తెలుసు? ఆ చేసిన మేలును మేం కాదనడం లేదు. అంతటి జాగ్రత్తతో కొలిచిన జబ్బులోనే అసలుకూ ఉత్తుత్తికీ తేడా ఇలా జారిపోతుంటే, కొలతే పెట్టని జబ్బులో ‘మా దగ్గరికి వచ్చినవారు మెరుగయ్యారు’ అన్న మాటకు విలువ ఎంత?

నమ్మకం ఒక్కటే మనిషి మీద పనిచేయగలదన్నది రెండు శతాబ్దాల కిందటే తేలిన విషయం. మెస్మర్ అనే వైద్యుడి అయస్కాంత వైద్యం సంగతి తేల్చమని 1784లో ఫ్రాన్స్ రాజు ఫ్రాంక్లిన్, లవోయిజర్ వంటి శాస్త్రవేత్తలతో ఒక సంఘం వేశాడు. తోటలో ఒక చెట్టుకు ‘శక్తి’ ఎక్కించారు. పన్నెండేళ్ల కుర్రాడి కళ్లకు గంతలు కట్టి చెట్టు చెట్టుకూ తిప్పారు. నాలుగో చెట్టు దగ్గర వాడు స్పృహ తప్పి పడిపోయాడు. శక్తి ఎక్కించిన చెట్టు అది కాదు! టీఎంఎస్‌ను మెస్మర్ పక్కన నిలబెట్టడం అన్యాయమే, కుంగుబాటు వరకు. ఏకాగ్రత పెంచుతామనే కుర్చీని ఏ చెట్టు పక్కన నిలబెట్టాలో ఆ యజమానులే చెప్పాలి.

అనుమతి లేని వాడకం వైద్యంలో మామూలేనని, వైద్యుడి విచక్షణకు సంకెళ్లు వేస్తే కొత్త చికిత్సలు పుట్టవని కొందరంటున్నారు. సరే. విచక్షణ ఒక రోగిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చూపేది. దానికి కరపత్రాలూ ప్యాకేజీలూ ఎందుకు? పరిశోధనే అయితే పరిశోధన అని చెప్పి, నైతిక కమిటీ అనుమతి తీసుకుని, ఉత్తుత్తి చుట్టతో పోల్చి, రోగి దగ్గర రూపాయి పుచ్చుకోకుండా చేయాలి. సొమ్ము తీసుకునేటప్పుడు చికిత్స, నిలదీస్తే పరిశోధన. ఈ రెండు నాలుకలే మాకు కంపరం పుట్టిస్తున్నవి.

నిజమైన రోగికి ఎదురయ్యే గుమ్మం ఎలా ఉందో కూడా చూడండి. అమెరికాలో ఎన్నో బీమా సంస్థలు ఒక్క మందు విఫలమైతే ఒప్పుకోవు. రెండు, కొన్నిచోట్ల నాలుగు, వాడి చూశామని రుజువు తెమ్మంటాయి. మంచం దిగలేని మనిషిని కాగితాలు పోగు చేసుకు రమ్మనడం అది. ఆటిజం ఉన్న బిడ్డను తెచ్చిన తల్లిని మాత్రం ఏ రుజువూ అడగరు. కార్డు గీస్తే చాలు. ఆధారం ఉన్నచోట అడ్డుగోడ, ఆధారం లేనిచోట ఎర్ర తివాచీ.

ఆ బిడ్డకు ప్రమాదం కూడా ఎక్కువే. టీఎంఎస్‌లో మూర్ఛ రావడం బహు అరుదు, వెయ్యి మంది రోగుల్లో ఒకరికి కూడా రాదు. అయితే ఆ లెక్క కట్టింది మూర్ఛ చరిత్ర ఉన్నవారిని వడపోసి పక్కన పెట్టాక. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ వ్యాధి ఇతరుల కన్నా ఎక్కువన్నది వైద్యులందరికీ తెలుసు. నెత్తి మీద నొప్పిగా ఉందని, చప్పుడు భరించలేకపోతున్నానని చెప్పలేని పిల్లవాడిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, పెద్దవాళ్ల లెక్క చూపించి తల్లిని ఊరడిస్తున్నారు. బొటనవేలు ఎగిరిపడినప్పుడు వాడి ముఖం ఎవరైనా చూశారా?

మెదడు మీద ఇలాంటి పెత్తనం లోకానికి కొత్త కాదు. మెదడులో నరాల తీగలు తెంపే శస్త్రచికిత్స లోబోటమీకి 1949లో నోబెల్ బహుమతే వచ్చింది. తీవ్రమైన మానసిక రోగులకని మొదలైన ఆ కోత అమెరికాలో పిల్లల దాకా పాకింది. టీఎంఎస్ కోత పెట్టదు, ఆ పోలిక అక్కడితో ఆగుతుంది. బిరుదు చూపించి హద్దు దాటే అలవాటు మాత్రం అదే.

మనోవైద్యుల సంఘాలకు ఇవన్నీ తెలియవా? సదస్సుల్లో గంటల తరబడి పల్సుల లెక్కలు చర్చించే పెద్దలు, సాటివారి ప్రకటన కనిపించగానే పక్కకు తిరిగి టీ తాగుతున్నారు. రేపు ఒక పిల్లవాడికి ఆ కుర్చీలో మూర్ఛ వస్తే జనం భయపడేది ఆ ప్రకటనకర్తకు కాదు, యంత్రానికి. అప్పుడు నిజంగా అవసరమున్న కుంగుబాటు రోగి కూడా కుర్చీ ఎక్కడు. పెద్దలారా, ఆ నింద మీ మౌనానిదే.

ఎఫ్‌డీఏ ఈ చికిత్సకు అనుమతినిచ్చిన పేర్లు చెబుతాం, రాసుకోండి: 2008లో కుంగుబాటు, 2013లో ఒక రకం మైగ్రేన్, 2018లో ఓసీడీ (చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు), 2020లో పొగతాగడం మాన్పించడం. ఒక చేతి వేళ్లు చాలు. కుర్చీల యజమానులారా, మీ బోర్డు మీద పేర్లు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు లెక్కపెట్టుకోండి.