బావగారి ఎక్సెల్ షీట్‌లో అమెరికా

మా బావగారు మళ్లీ ఎక్సెల్ షీట్ తెరిచారు. 2028 అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రైమరీలకు, అంటే ఒక్కో పార్టీ తన అభ్యర్థిని రాష్ట్రాలవారీగా తేల్చుకునే ఎన్నికలకు, ఇంకా బోలెడంత టైముంది. ఎవరు పోటీ చేస్తారో, చేసేవాళ్లకే ఇంకా తెలీదు. అయినా యాభై రాష్ట్రాలకు యాభై గడులు గీసేసి, రిపబ్లికన్లకు ఎరుపు, డెమోక్రాట్లకు నీలం రంగులు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఆయన సూత్రం ఒకటే: ప్రైమరీలో కొట్టినవాడిదే నవంబర్‌లో జరిగే అసలు ఎన్నికలో ఆ రాష్ట్రం.

బావగారుండేది విజయవాడ. అమెరికాలో ఆయనకు ఓటు లేదు. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడికీ లేదు, వాడింకా గ్రీన్‌కార్డు క్యూలోనే ఉన్నాడు. ఇద్దరికీ లేని ఓటు మీద ఇంత చర్చేమిటని మీరడగొచ్చు. మన ఊరి రాజకీయం మాట్లాడితే బంధుత్వాలు తెగుతాయి. అమెరికా రాజకీయమైతే హాయిగా రెండు కాఫీలకు సరిపోతుంది.

2020 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, న్యూ హాంప్‌షైర్‌లో బైడెన్‌ది ఐదో స్థానం. ఎనిమిది శాతం! ఆ రాష్ట్రం గోవిందా. రాసిపెట్టుకో." రాసిపెట్టుకున్నాను. మూడు వారాలు తిరక్కుండా మళ్లీ ఫోన్. "సౌత్ కరోలినాలో నల్లవాళ్ల ఓట్లతో బైడెన్ కుమ్మేశాడు. ఇక నవంబర్‌లో అది డెమోక్రాట్ల ఖాతాలోదే." అదీ రాసిపెట్టుకున్నాను. నవంబర్ వచ్చింది. ఐదో స్థానం వచ్చిన న్యూ హాంప్‌షైర్‌లో బైడెన్ ఏడు శాతం తేడాతో గెలిచాడు. కుమ్మేసిన సౌత్ కరోలినాలో పన్నెండు శాతం దాకా తేడాతో ఓడాడు. 1976లో జిమ్మీ కార్టర్‌ని గెలిపించాక ఆ రాష్ట్రం ఏ డెమోక్రాట్ వైపూ కన్నెత్తి చూడలేదు. రెండు కాగితాలూ తీసుకెళ్లి బావగారి ముందు పెట్టాను. "అది కోవిడ్ ఏడాది, లెక్కలోకి రాదు" అన్నారు.

ఆయన లెక్కలోకి రాని ఏడాదులు చాలానే ఉన్నాయి. 2000 రాదు. ఆ ఏడు న్యూ హాంప్‌షైర్ రిపబ్లికన్ ప్రైమరీలో బుష్‌ని మెకెయిన్ చిత్తుగా ఓడించాడు. నవంబర్‌లో అదే రాష్ట్రం 7,211 ఓట్ల తేడాతో బుష్‌కి దక్కింది. బుష్‌ని గెలిపించింది ఫ్లోరిడా, ఫ్లోరిడా అని అందరూ అంటారు గానీ, ఈ చిన్న రాష్ట్రం నాలుగు ఎలక్టోరల్ ఓట్లు (అధ్యక్షుణ్ని తేల్చేవి రాష్ట్రాలవారీగా వచ్చే ఈ ఓట్లే) రాకపోతే ఫ్లోరిడా చేతికొచ్చినా బుష్ వైట్‌హౌస్ గడప తొక్కేవాడు కాదు. 2008 కూడా రాదు. ఆ ఏడు డెమోక్రాట్ల ప్రైమరీల్లో ఒబామాతో తలపడ్డ హిల్లరీ క్లింటన్ మనుషులందరూ మా బావగారి బాపతే. పెద్ద రాష్ట్రాలన్నీ మావే, ఒబామావన్నీ చిన్నాచితకా రాష్ట్రాలు అని ఒకటే ఊదర. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఒహాయో, పెన్సిల్వేనియా ప్రైమరీలు నాలుగూ ఆవిడ గెలిచిన మాట నిజం. నవంబర్‌లో ఆ నాలుగూ ఒబామాకే పడ్డాయి. మరి ఒబామా దాదాపు 80 శాతంతో దున్నేసిన ఐడహో? నవంబర్‌లో 36 శాతం. ఆ 80 శాతం అనేది కాకస్‌కి, అంటే ప్రైమరీకి బదులు పార్టీ పెట్టే సమావేశాలకి, వచ్చిన సుమారు 21 వేల మంది డెమోక్రాట్లలో. నవంబర్‌లో ఓటేసింది ఆరున్నర లక్షల మంది.

ప్రైమరీ అనేది ఒక పార్టీ ఇంటి గొడవ. శాకాహారుల ఇంట్లో వంకాయ నెగ్గిందా బెండకాయ నెగ్గిందా చూసి, ఊళ్లో కోడిమాంసం ఎంత అమ్ముడుపోతుందో చెప్పేవాడిని ఏమంటాం? మా ఇంట్లో అయితే బావగారూ అంటాం.

అలాగని ఈయన్ని తక్కువగా చూడకండి, ప్రొఫెసర్ల తోడుంది. స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో హెల్మట్ నార్పాత్ అనే ఆయన మొదట్లో జరిగే ప్రైమరీలను బట్టి అధ్యక్షుణ్ని చెప్పే మోడల్ కట్టాడు. 2016లో ట్రంప్ గెలుస్తాడన్నాడు, గెలిచాడు. ఇక చూస్కోండి, టీవీల్లో నీరాజనాలు. 2020లో ట్రంప్ గెలిచే అవకాశం 91 శాతం, ఎలక్టోరల్ ఓట్లు 362 అన్నాడు. వచ్చినవి 232. ఆ ఏడాది నీరాజనాల ఊసు లేదు.

అయోవా కాకస్ గురించి చెప్పకపోతే ఈ శాస్త్రానికి అన్యాయం చేసినట్టే. 2020 దాకా అక్కడ డెమోక్రాట్ల పద్ధతి ఇదీ. ఫిబ్రవరి చలిలో, రాత్రి ఏడింటికి, ఏ స్కూలు జిమ్ములోనో ఊరి జనం పోగవుతారు. బ్యాలెట్ పెట్టె లేదు, తెర లేదు. ఈ మూల హిల్లరీ, ఆ మూల బెర్నీ శాండర్స్, తలుపు దగ్గర మార్టిన్ ఓమాలీ అని ఇంకొకాయన. ఎవరికి నచ్చిన మూలకి వాళ్లెళ్లి నిలబడాలి. తలకాయలు లెక్కపెడతారు. వచ్చిన జనంలో మామూలుగా పదిహేను శాతమైనా ఒక మూలలో లేకపోతే ఆ మూల రద్దు. అసలు తిరనాళ్ల అప్పుడు మొదలవుతుంది. దిక్కులేనివాళ్లయిన ఆ నలుగురి మీదా తక్కిన రెండు మూలలవాళ్లూ పడతారు. రండి వదినగారూ, మీ పిల్లాడూ మా పిల్లాడూ ఒకే క్లాసు కదా, మనలో మనకేంటి అని ఒకరు. ఆ మూల చలిగాలి కొడుతోంది, ఇటొచ్చెయ్యండి బాబాయిగారూ అని ఇంకొకరు. ఓమాలీగారి నలుగురూ పెళ్లిలో మొదటి బంతి దొరకని చుట్టాల్లాగా మధ్యలో నిలబడి దిక్కులు చూస్తుంటారు. మళ్లీ తలకాయల లెక్క. సమానంగా వచ్చి ఒక డెలిగేట్ (ప్రతినిధి) ఎటూ తేలకపోతే నాణెం ఎగరేస్తారు. ఒట్టు. 2016లో కొన్ని చోట్ల నిజంగానే ఎగరేశారు. 2020లో లెక్కలు పంపడానికి కొత్త యాప్ పెట్టారు, అది మొరాయించింది. ఆ రాత్రి గెలిచిందెవరో పార్టీకే తెలీలేదు.

రిపబ్లికన్లది చీటీల పద్ధతి. వాళ్లేం తక్కువ తినలేదు. 2012లో మిట్ రామ్నీ ఎనిమిది ఓట్లతో గెలిచాడన్నారు. రెండు వారాలు దాటాక, కాదు కాదు, రిక్ శాంటోరమ్ 34 ఓట్లతో గెలిచాడన్నారు. బావగారు అయోవా గడికి రామ్నీ రంగు వేసి, చెరిపి, శాంటోరమ్ రంగు వేశారు. నవంబర్‌లో అయోవాని ఒబామా పట్టుకుపోయాడు.

పసిఫిక్‌లో అమెరికా ఏలుబడిలోని దీవులు, అమెరికన్ సమోవా కథ ఇంకో రకం. 2020లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ అనే కుబేరుడు వంద కోట్ల డాలర్లకు పైగా తగలేసి గెలిచింది ఆ ఒక్క దీవుల్నే. 2024లో కూర్చున్న అధ్యక్షుడు బైడెన్‌నే అక్కడ ఒక అనామకుడు ఓడించాడు, 51 ఓట్లకు 40. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికకి ఇంతకన్నా ఎక్కువమంది వస్తారు, లిఫ్ట్ పనిచేస్తే. బావగారు వెంటనే యాభై ఒకటో గడి గీశారు. ఆ దీవులకు నవంబర్‌లో అసలు ఓటే లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఇక 2024లో నెవాడా ప్రైమరీ. ట్రంప్ అందులో లేడు, విడిగా కాకస్‌కి వెళ్లాడు. ప్రైమరీలో నిక్కీ హేలీ నోటా చేతిలో ఓడిపోయింది, అదీ రెట్టింపుకు మించిన తేడాతో. సూత్రం ప్రకారం నవంబర్‌లో నెవాడా నోటాకి పోవాలి. ట్రంప్‌కి పోయింది.

న్యాయంగా బావగారికి ఒక మార్కు వెయ్యాల్సిన చోటు కూడా ఉంది, 2016 విస్కాన్సిన్. ఏప్రిల్ ప్రైమరీలో హిల్లరీని శాండర్స్ పదమూడు శాతం తేడాతో కొట్టాడు. ఆ తర్వాత నవంబర్ దాకా ఆవిడ ఆ రాష్ట్రంలో అడుగే పెట్టలేదు. 23 వేల లోపు ఓట్లతో పోగొట్టుకుంది. మిషిగన్ కూడా అంతే, ప్రైమరీ పోయింది, నవంబరూ పోయింది. "చూశావా!" అని బావగారు తొడగొట్టారు. చూశాను. ప్రైమరీ పన్నెండు శాతంతో గెలిచిన పెన్సిల్వేనియా కూడా నవంబర్‌లో పోయింది. శాండర్స్ చేతిలో ఓడిన ఒరెగాన్, కొలరాడో, హవాయి, రోడ్ ఐలాండ్ నవంబర్‌లో ఆవిడకే వచ్చాయి. ఆ ఏడే టెక్సస్ ప్రైమరీలో టెడ్ క్రూజ్ చేతిలో ఓడిన ట్రంప్‌కి నవంబర్‌లో టెక్సస్ దక్కింది. ఇవన్నీ చెప్పేలోపు బావగారు టీవీ సౌండ్ పెంచారు. ఇంతకీ 2021లో పదమూడు జిల్లా పరిషత్తులూ ఊడ్చేసిన పార్టీ 2024లో 175 సీట్లకు 11తో మిగిలినప్పుడు, "ఆ ఎన్నికలు వేరు, ఈ ఎన్నికలు వేరు రా పిచ్చోడా" అని నాకు పాఠం చెప్పింది కూడా ఈయనే.

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్నే. కానీ కిందటేడు మాటల్లో ఒక మాటన్నారు. "సరే, ప్రైమరీకీ నవంబర్‌కీ సంబంధం లేదనుకుందాం. అలాంటప్పుడు సౌత్ కరోలినాలో ఆ నల్లవాళ్ల ఓట్లకి అంత విలువెందుకు? ఎలాగూ నవంబర్‌లో ఓడిపోయే రాష్ట్రమేగా." ఈ మాట ఆయన సొంతం కాదు. 2016లో, 2020లో చదువుకున్న అమెరికన్లు, అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్లు కూడా ఇదే అన్నారు. ప్రైమరీల్లో తమ మనిషి ఓడినప్పుడల్లా అమెరికా దక్షిణాది రాష్ట్రాలు లెక్కలోకి రావంటారు.

బావగారి సూత్రం నూటికి నూరుపాళ్లు పనిచేసిన కాలం ఒకటుంది. మేనల్లుడుండే ఆ టెక్సస్‌లోనే. అప్పట్లో దక్షిణాదిలో గెలిచే పార్టీ డెమోక్రాట్లదొక్కటే, ప్రైమరీలో నెగ్గినవాడే నవంబర్‌లో నెగ్గేవాడు. అందుకే ఆ ప్రైమరీలోకి నల్లవాళ్లు రాకూడదని 1923లో ఏకంగా చట్టం చేశారు. సుప్రీంకోర్టు కొట్టేసింది. అయితే పార్టీ మా ప్రైవేటు క్లబ్బు, ఎవర్ని రానివ్వాలో మా ఇష్టం అన్నారు. సిగ్గుండాలి! పోల్ ట్యాక్స్ అని ఓటుకి పన్ను కట్టించుకుని నవంబర్‌లో ఓటెయ్యమంటారు, ఎవరు గెలవాలో అప్పటికే తేల్చేసి ఉంటారు. హ్యూస్టన్‌లో లోనీ స్మిత్ అనే నల్లజాతి దంతవైద్యుడు కోర్టుకెక్కి, ఆయన తరఫున థర్గుడ్ మార్షల్ వాదించి, 1944లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. తెరిచాక కూడా దక్షిణాదిలో చాలామంది 1965 ఓటు హక్కుల చట్టం దాకా ఆగాల్సొచ్చింది. అలా వచ్చిన ఓటుని, మన మనిషి ఓడిపోయాడు కాబట్టి లెక్కలోకి రాదనడానికి నోరెలా వస్తుంది? నవంబర్‌లో ఆ రాష్ట్రం ఎటు పోతుందో చెప్పడానికి కాదు వాళ్లు ప్రైమరీలో ఓటేసింది. తమ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో చెప్పడానికి వేశారు. చెప్పారు కూడా.

ఇదంతా గుక్క తిప్పుకోకుండా ఫోన్లో అనేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

"హ్యూస్టనా? మనవాడి ఊరికి దూరమా?"

"కార్లో నాలుగు గంటలట బావగారూ."

"ఊఁ" అన్నారు. కీబోర్డు టకటకలాడింది. "సరేలేరా. నీ మాట కాదనడమెందుకు, టెక్సస్ గడికి ఏ రంగూ వెయ్యను. తెల్లగా వదిలేస్తున్నా."

"ఏ రంగైనా వెయ్యండి బావగారూ," అన్నాను, "అదొక్కటీ వద్దు."