అన్నిటికన్నా పెద్ద ప్రధాన సంఖ్య అంటూ ఏదీ లేదు

"ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్యను కనిపెట్టేశారు, ఇంతకు మించింది లేదు. సూపర్ కంప్యూటర్ పట్టుకుంది. ఇక బ్యాంకుల భద్రతంతా దీనితోనే." 2024 అక్టోబర్ నుంచి ఈ మాటలు ఫార్వర్డ్ అవుతూనే ఉన్నాయి. సంఖ్య నిజమైనదే, అది ప్రధాన సంఖ్యే: 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేం. 13,62,79,841 రెండ్లను వరసగా గుణించి, లబ్ధంలోంచి 1 తీసేస్తే వస్తుంది. అంకెలు 4,10,24,320. దాని చుట్టూ అల్లిన మాటలే తప్పు. లెక్కల మీద ఇప్పుడిప్పుడే ఇష్టం పెంచుకుంటున్న పిల్లలు వీటిని నమ్ముతారేమోనన్నదే నా బాధ.

ఇంతకు మించింది లేదా? ఇది మనకు తెలిసినవాటిలో పెద్దది, అంతే. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని గ్రీకు గణితవేత్త యూక్లిడ్ దాదాపు 2,300 ఏళ్ల కిందటే తేల్చాడు. మీకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటినీ గుణించి 1 కలపండి. వచ్చినదాన్ని వాటిలో దేనితో భాగించినా 1 మిగులుతుంది. అంటే దాన్ని శేషం లేకుండా భాగించే ప్రధాన సంఖ్య మీ జాబితా బయట ఉండి తీరాలి. వచ్చిన సంఖ్యే ప్రధాన సంఖ్య అయిపోతుందని చాలామంది ఇక్కడ పొరబడతారు. కానక్కర్లేదు. 2, 3, 5, 7, 11, 13 గుణించి 1 కలిపితే 30031. అది 59 × 509. ఆ రెండూ జాబితాలో లేనివే కాబట్టి యూక్లిడ్ మాటకు ఢోకా లేదు.

1852లో రష్యా గణితవేత్త చెబిషెవ్ ఇంకా గట్టి సంగతి నిరూపించాడు: 1 కన్నా పెద్దదైన ఏ పూర్ణసంఖ్యకైనా, దాని రెట్టింపుకూ మధ్య ఒక ప్రధాన సంఖ్య తప్పకుండా ఉంటుంది. మన సంఖ్యకూ దాని రెట్టింపుకూ నడుమ ఎన్ని ఉన్నాయో ఆ లెక్క రాయడానికే 4 కోట్లకు పైగా అంకెలు కావాలి! ఉన్నాయని తెలుసు, ఫలానాదని చూపించడమే కష్టం. 10 కోట్ల అంకెల ప్రధాన సంఖ్యను మొదట కనుక్కున్నవారికి లక్షా 50 వేల డాలర్ల బహుమతి ప్రకటించింది అందుకే.

సూపర్ కంప్యూటర్ మాటా నిజం కాదు. 1996 నుంచి మామూలు మనుషులు తమ కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని ఇచ్చి నడుపుతున్న జింప్స్ అనే ఉమ్మడి అన్వేషణలో ఇది దొరికింది. అందులో పాల్గొన్న ల్యూక్ డ్యూరాంట్ 17 దేశాల్లోని డేటా సెంటర్లలో గ్రాఫిక్స్ చిప్‌లను అద్దెకు తీసుకుని పనిలో పెట్టాడు. డబ్లిన్‌లోని చిప్ మొదట పసిగట్టింది, టెక్సస్‌లోని మరొకటి ఈ రకం సంఖ్యలు ప్రధానమో కాదో కచ్చితంగా తేల్చే లూకస్-లేమర్ పరీక్షతో ఖాయం చేసింది.

బ్యాంకుల భద్రతకు కావలసింది రహస్యం. సమాచారాన్ని ఇతరులు చదవకుండా దాచే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో, 2048 బిట్ల తాళానికి వాడే రెండు ప్రధాన సంఖ్యలకు ఒక్కోదానికి 300 పైచిలుకు అంకెలే ఉంటాయి, అవి ఎవరికీ తెలియకూడదు. లోకమంతా చెప్పుకునే సంఖ్యతో తాళం వేయడమంటే తాళంచెవిని గుమ్మానికి వేలాడదీయడమే.

ఇదే ఊపులో ఇంకో మాటా తిరుగుతోంది: 2కు ఘాతంగా ప్రధాన సంఖ్య పెడితే చాలు, 1 తీసేశాక వచ్చేదీ ప్రధాన సంఖ్యేనట. 11 పెట్టి చూడండి. 2047 వస్తుంది, అది 23 × 89. ఈ రకం సంఖ్యలకు పేరిచ్చిన మెర్సెన్ కూడా 1644లో ఇచ్చిన జాబితాలో 67ను చేర్చి పొరబడ్డాడు. అది తప్పని 1876లో గణితవేత్త లూకస్ కారణాంకాలు తెలియకుండానే తేల్చాడు. ఆ కారణాంకాలను, 193707721నూ 761838257287నూ, 1903లో మరో గణితవేత్త కోల్ చూపించాడు. ఘాతం ప్రధాన సంఖ్య కావడం అవసరమే గానీ అదొక్కటే చాలదు.

ఇక ఈ సంఖ్య గురించి మనిషి సొంతంగా ఏమీ చెప్పలేడనే మాట. చివరి అంకె మీరే చెప్పొచ్చు. 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతూనే ఉంటాయి. 13,62,79,841ని 4తో భాగిస్తే శేషం 1, కాబట్టి ఆ ఘాతం 2తో ముగుస్తుంది. అందులోంచి 1 తీసేయండి. కాగితం కూడా అక్కర్లేదు.