చెయ్యి గీత బయట, పాదం గీత మీద

2025 మే 17న లండన్ వెంబ్లీలో జరిగిన ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఎఫ్‌ఏ కప్ ఫైనల్ మాట ఎత్తితే చాలు, ఇక్కడి మన ఇళ్లలో కూడా గొంతులు పెరుగుతాయి. క్రిస్టల్ ప్యాలెస్ గోల్‌కీపర్ డీన్ హెండర్సన్ పెనాల్టీ ఏరియా (గోల్ ముందున్న బాక్స్, కీపర్ చేతులు వాడగలిగేది దాని లోపలే) బయట బంతిని చేత్తో ఆడాడు. రిఫరీ విజిల్ ఊదలేదు. రీప్లేలు చూసి రిఫరీకి సాయపడే వీడియో రిఫరీ (వీఏఆర్) చూసి కూడా ఆటగాణ్ని బయటికి పంపే రెడ్ కార్డు ఇప్పించలేదు. ఆ తర్వాత అదే హెండర్సన్ పెనాల్టీ ఆపాడు. ప్యాలెస్ 1-0తో మాంచెస్టర్ సిటీని ఓడించి, తన చరిత్రలో మొదటి పెద్ద కప్పు గెలుచుకుంది. పది మందితో ఆడాల్సిన జట్టు కప్పు పట్టుకుపోయిందని ఒక వర్గం, ఓడినవాళ్లు సాకులు వెతుకుతున్నారని ఇంకో వర్గం. నా అభిప్రాయం వేరు. రెడ్ కార్డు ఇవ్వకపోవడం సరైన నిర్ణయమే. అయినా సిటీకి అన్యాయం జరిగింది. అది జరిగిన చోటు వదిలేసి వేరేచోట వెతుకుతున్నాం.

ఆ క్షణాన్ని నెమ్మదిగా చూద్దాం. 16వ నిమిషంలో ప్యాలెస్ ఆటగాడు ఎబెరెచీ ఎజె గోల్ కొట్టాడు. కాసేపటికి సిటీ వైపు నుంచి పొడవాటి బంతి వచ్చింది. సిటీ ఫార్వర్డ్ ఎర్లింగ్ హాలండ్ దాని వెంట పరిగెత్తాడు. హెండర్సన్ ఎదురొచ్చి, హాలండ్‌కు అందకుండా బంతిని చేత్తో పక్కకు నెట్టాడు. ఇలాంటప్పుడు కీపర్ కాళ్లు ఎక్కడున్నాయన్నది లెక్కలోకి రాదు, చెయ్యి బంతికి తగిలిన చోటే లెక్క. గీత కూడా బాక్స్ కిందికే వస్తుంది. హెండర్సన్ చెయ్యి తగిలింది గీతకు బయట.

బయట చెయ్యి తగిలితే కీపర్‌కు నేరుగా రెడ్ కార్డే అని చాలామంది గట్టిగా నమ్ముతారు. నిబంధనల్లో అలా లేదు. బాక్స్ దాటాక కీపర్ కూడా మిగతా పదిమంది లాంటివాడే, చేత్తో ఆడితే అవతలి జట్టుకు డైరెక్ట్ ఫ్రీ కిక్. గోల్‌ను గానీ, స్పష్టమైన గోల్ అవకాశాన్ని గానీ అడ్డుకుంటేనే రెడ్. ఆ అవకాశం స్పష్టమైనదా కాదా తేల్చడానికి రిఫరీ నాలుగు సంగతులు చూడాలి: గోల్ ఎంత దూరంలో ఉంది, ఆట ఎటువైపు సాగుతోంది, బంతి ఆ ఆటగాడి అదుపులోకి వచ్చేదా, డిఫెండర్లు ఎక్కడ ఎంతమంది ఉన్నారు. దూరం తక్కువే. బంతి హాలండ్‌కు దొరికేదే అనుకుందాం. కానీ బంతి గోల్ వైపు కాకుండా పక్కకు పోతోంది. దాన్ని అందుకుని, ఆపి, లోపలికి తిరగాలి. ఈలోగా డిఫెండర్లు వెనక్కి చేరతారు. మంచి అవకాశమే, కానీ 'స్పష్టమైన' అన్న మాటకు సరిపోదు. వీఏఆర్ గది ఆగింది ఈ దిశ దగ్గరే.

మరి అన్యాయం ఎక్కడుంది? ఫ్రీ కిక్ దగ్గర. బాక్స్ అంచున సిటీకి ఒక ఫ్రీ కిక్ రావాలి, ప్రమాదకరమైన దాడిని ఆపినందుకు హెండర్సన్‌కు ఎల్లో కార్డు రావాలి. ఈ రెండూ రాలేదు. ఆనాటి నియమం ప్రకారం వీఏఆర్ కలగజేసుకునేది నాలుగు విషయాల్లోనే: గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు చూపడం. చెయ్యి తగిలిందని తెర మీద కనిపిస్తున్నా, అది రెడ్ కానప్పుడు ఉత్త ఫ్రీ కిక్ కోసం రిఫరీని పిలవడానికి వీల్లేదు. రెడ్ కార్డు కోసం తనిఖీ ఎలాగూ జరిగింది. ఆ తనిఖీలోనే తప్పు కళ్లెదుట కనబడితే, 'చెయ్యి తగిలింది' అన్న ఒక్క మాట రిఫరీ చెవిలో వేసే అధికారం ఆ గదికి ఉండాలి. సిటీ అభిమానులు అడగాల్సింది ఇది.

అదే సీజన్ ఫిబ్రవరి 7న మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో యునైటెడ్, లెస్టర్ మధ్య నాలుగో రౌండ్ మ్యాచ్ జరిగింది. 90 నిమిషాల తర్వాత కలిపే ఇంజ్యురీ టైమ్‌లో యునైటెడ్ ఆటగాడు హ్యారీ మగ్వైర్ తలతో కొట్టిన గోల్‌తో లెస్టర్ 2-1తో ఓడింది. మగ్వైర్ ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడని రీప్లే ఒక్కసారి చూసినా తెలుస్తుంది. ఆ ఏడాది ఎఫ్‌ఏ కప్‌లో వీఏఆర్ పెట్టింది ఐదో రౌండ్ నుంచి, కాబట్టి సరిదిద్దే దారి లేదు. అక్కడ లేనిది యంత్రం, వెంబ్లీలో లేనిది దానికి నోరు. ఈ రెండు గొడవల్నీ కలిపేసి 'రిఫరీలంతా ఇంతే' అంటే ఏ ఒక్కటీ బాగుపడదు.

ఇక పెనాల్టీ. హాలండ్ బంతిని తన జట్టులోని ఒమర్ మర్మూష్‌కు ఇచ్చాడు, హెండర్సన్ దూకి ఆపాడు. అదృష్టం అనేవాళ్లు ఈ లెక్క చూడాలి. బంతి నుంచి గోల్ గీతకు 11 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో కొడితే అర సెకను కూడా పట్టదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. బంతి కదిలాక చూసి దూకితే మూలకు చేరడం కష్టం, అందుకే కొట్టేవాడి పరుగు, నడుము, నిలబడే కాలు చూసి ముందే తేల్చుకోవాలి. కీపర్ గీత వదిలి అర మీటరు ముందుకొస్తే, కాపాడాల్సిన వెడల్పు సుమారు 33 సెంటీమీటర్లు తగ్గుతుంది, అంటే ఒక బంతిన్నర. మీటరు వస్తే మూడు బంతులు. బంతిని తన్నేదాకా కీపర్ గోల్ గీత వదలకూడదన్న నియమం ఇంత కఠినంగా ఉండడానికి కారణం ఈ లెక్కే.

2019లో ఆ నియమాన్ని సడలించారు. బంతిని తన్నే క్షణంలో ఒక్క పాదంలో కొంత భాగమైనా గీత మీదో, గీతకు సూటిగా పైనో ఉంటే చాలు; 2022 నుంచి గీత వెనక ఉన్నా చాలు. కానీ అదే ఏడాది మహిళల ప్రపంచ కప్‌లో వీఏఆర్ ఈ పాదాన్ని కొలవడం మొదలుపెట్టింది. జూన్ 19న పారిస్‌లో స్కాట్లాండ్ 3-0 ఆధిక్యం నుంచి 3-2కు జారింది. చివర్లో అర్జెంటీనా పెనాల్టీని కీపర్ లీ అలెగ్జాండర్ ఆపింది. ముందుకు వచ్చిందని మళ్లీ కొట్టించారు, ఫ్లొరెన్సియా బొన్‌సెగుందో రెండోసారి గోల్ చేసింది. 3-3తో స్కాట్లాండ్ ఇంటిదారి పట్టింది. క్రూరంగా అనిపిస్తుంది, నిజమే. కానీ అది కొలిచి చెప్పగలిగిన విషయం. హెండర్సన్ చేతి సంగతిలా 'దిశ' మీద వాదించడానికి అక్కడ చోటు లేదు.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ 1-1తో నిలిచాయి. విజేతను పెనాల్టీలతో తేల్చే షూటౌట్‌లో హైదరాబాద్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. అందులో కేరళ ఆటగాడు నిషు కుమార్ కిక్ చూడండి. కట్టిమణి ఆపాడు, గీత వదిలాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు, కట్టిమణి మళ్లీ ఆపాడు. హైదరాబాద్ అభిమానులు గొడవ గురించి కాక ఆ రెండో దూకుడు గురించే ఇంకా మాట్లాడుకుంటున్నారంటే, ఆ గౌరవం పూర్తిగా ఆ కీపర్‌ది.

కీపర్లు గీత ఎందుకు వదులుతారు? మోసం చేయాలని కాదు, చాలాసార్లు ఆ చిన్న గెంతు వల్ల. దూకే ముందు ఊపు కోసం రెండు పాదాలతో గెంతుతారు, దిగేసరికి రెండూ ముందుంటాయి. పిల్లలకు నేర్పేటప్పుడు ఆ గెంతు మాన్పించి, వెనక పాదం గీత మీద తొక్కిపెట్టి, ముందు పాదంతో పక్కకు ఏటవాలుగా అడుగు వేయించాలి. వెనక పాదమే తోపుడు కాలు అవుతుంది. గీత మీద టేపు అంటించి, పక్క నుంచి ఫోన్‌తో వీడియో తీసి చూపిస్తే కొద్ది రోజుల్లో అలవాటు మారుతుంది.

బెంగళూరు శ్రీకంఠీరవలో 2023 మార్చి 3న కేరళ బ్లాస్టర్స్ మీద బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడు సునీల్ ఛెత్రి వేగంగా కొట్టిన ఫ్రీ కిక్ కూడా కీపర్లకు చెప్పాల్సిన పాఠమే. బ్లాస్టర్స్ గోడ కట్టే (కిక్‌కు అడ్డంగా ఆటగాళ్లను వరసగా నిలబెట్టే) పనిలో ఉండగా బంతి వలలో పడింది. బ్లాస్టర్స్ జట్టు నిరసనగా మైదానం వదిలి వెళ్లిపోయింది. తర్వాత ఆ జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు 10 మ్యాచ్‌ల నిషేధం. రిఫరీ గోడను వెనక్కి జరిపే పని మొదలుపెట్టాడా లేదా అన్నదే అక్కడి అసలు వాదన. మొదలుపెడితే విజిల్ కోసం ఆగాలి, లేకపోతే ఆగక్కర్లేదు. కీపర్‌కు మాత్రం ఏ వాదనతోనూ పనిలేదు. గోడను ఒక డిఫెండర్‌కు అప్పగించి, తన కన్ను బంతి మీదే ఉంచాలి.

ఇక మన సంఘాల కప్పులు. షూటౌట్‌కు వచ్చేసరికి ఒక్క రిఫరీ కొట్టేవాడిని, కీపర్ పాదాన్ని, గీతను ఒక్కసారే చూడలేడు. ఆటకు సంబంధం లేని ఒకరిని గోల్ ఏరియా గీత గోల్ గీతను కలిసే మూల దగ్గర నిలబెట్టండి. ఆయన చూడాల్సినవి రెండే: బంతి మొత్తం గీత దాటిందా, తన్నే క్షణంలో కీపర్ పాదం ఎక్కడుంది. కీపర్ గీత వదిలి ఆపితే జెండా ఎత్తాలి, మళ్లీ కొట్టించాలి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి ఎల్లో కార్డు. కీపర్ గీత వదిలినా గోల్ అయితే గోలే. బంతి బయటికి పోయినా, పోల్‌కు తగిలి తిరిగొచ్చినా, కీపర్ కదలిక కొట్టేవాడిని స్పష్టంగా చెదరగొడితే తప్ప మళ్లీ కొట్టించరు. కోచ్‌లు ఎక్కువగా అరిచేది ఇక్కడే కాబట్టి నిబంధనల కాగితంలో ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి. కీపర్ పోల్, వల పట్టుకుని ఊపడం, కొట్టేవాడిని ఆలస్యం చేయడం నిషేధం. కొట్టేవాడు జారి, పొరపాటున రెండు పాదాలూ తగిలి గోల్ అయితే 2025 నుంచి మళ్లీ కొట్టనిస్తారు, గోల్ కాకపోతే ఆ కిక్ పోయినట్టే. ఈ కాగితాన్ని ఇద్దరు కెప్టెన్లతో టాస్‌కు ముందే చదివించి సంతకం పెట్టించండి, షూటౌట్ మొదలయ్యాక కాదు.