నకలు నాణెం మీద ఒక్క సొంత పంక్తి

1999 జూలైలో స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో, స్పిల్లింగ్స్ అనే చోట ఒక పొలంలో మెటల్ డిటెక్టర్ మోగింది. ఆ తవ్వకంలో 67 కిలోల వెండి బయటపడింది. అందులోని 14 వేలకు పైగా నాణేలలో దాదాపు అన్నీ దిర్హమ్‌లనే అరబ్బు వెండి నాణేలే. వైకింగుల కాలపు వెండి నిధుల్లో ఇదే అతి పెద్దదని చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి తెలిసిందే. నా పట్టుదలంతా ఆ గుట్టలోని ఒకే ఒక్క నాణెం గురించి. దాన్ని నకిలీ అంటున్నారు. ఆ మాట తప్పు.

బాగ్దాద్ ఖలీఫాల దిర్హమ్‌ను చూసి ఖజర్లు పోసిన అచ్చు అది. వోల్గా నది దిగువ ప్రాంతాన్ని ఏలిన ఈ తురుష్క జాతి పాలకులు యూదు మతం పుచ్చుకున్నారు. నాణెం క్రీ.శ. 837-38 నాటిది. లిపి అరబ్బీ, తీరు ఖలీఫాది. కానీ ముహమ్మద్ ప్రవక్త పేరు చదవడానికి అలవాటుపడిన కన్ను ఒక పంక్తి దగ్గర ఆగిపోతుంది. అక్కడ ‘మూసా దైవప్రవక్త’ అని ఉంది. మూసా అంటే మోషే.

ఇక ఆలోచించండి. గోట్లాండ్ వర్తకుడికి అరబ్బీ రాదు. అతనికి త్రాసే ప్రమాణం. నాణేన్ని వంచి చూసేవాడు, కత్తి మొనతో గిల్లేవాడు, చిల్లర కావాలంటే ముక్కలుగా నరికేవాడు. వెండి మంచిదై, తూకం సరిపోతే అక్కడ మోసపోయినవాడెవడు? మోసమే ఉద్దేశమైతే ఖజర్లు మక్కికి మక్కి దించి ఊరుకునేవారు. పంక్తి మార్చి పట్టుబడే పని ఏ దొంగా చేయడు. అదే కాలంలో వారు మరికొన్ని నాణేల మీద ‘ఖజర్ల భూమి’ అని కూడా చెక్కించారు. ఊరి పేరు రాసుకుని దొంగతనానికి వెళ్ళేవాడు ఎక్కడైనా ఉంటాడా? పక్కనున్న మహాసామ్రాజ్యపు నాణెం మీద ఉన్న నమ్మకాన్ని అరువు తెచ్చుకుని, దాని మీదే తమ దేవుడి మాట, తమ నేల పేరు చెప్పుకున్నారు. దీన్ని నేను రాజకీయ ప్రకటన అంటాను.

మన దేశంలో జరిగిందీ ఇంచుమించు ఇదే. ఇరాన్ సాసానీ చక్రవర్తి ఫిరోజ్ వెండి నాణేన్ని గుజరాత్, రాజస్థాన్, మాళవ ప్రాంతాలు శతాబ్దాల పాటు అచ్చు పోసుకున్నాయి. రాజు ముఖం, అగ్నివేదిక క్రమంగా గీతలుగా, చుక్కలుగా మిగిలాయి. గధియా అని పిలిచే ఆ నాణెం మీది బొమ్మ ఎవరిదో మరిచిపోయాక కూడా చలామణి ఆగలేదు. పేర్లూ ఇలాగే ప్రయాణించాయి. గ్రీకుల ద్రాఖ్మా అరబ్బులకు దిర్హమ్ అయింది, మనకు ద్రమ్మం అయింది. దమ్మిడీ కూడా ఆ వంశపుదే.

నకళ్ళలో నాసిరకం వెండివి లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. ఇంగ్లండ్ వెండి పెన్నీని చూసి ఫ్లాండర్స్ (నేటి బెల్జియం వైపు ప్రాంతం) తదితర ప్రాంతాల ప్రభువులు పోసిన నాణేలతో విసిగి ఇంగ్లండ్ రాజు ఒకటవ ఎడ్వర్డ్ 1299లో వాటి దిగుమతిని నిషేధించాడు, 1300లో చలామణినే రద్దు చేశాడు. అయితే ఆ ప్రభువుల్లో పలువురు వాటి మీద తమ సొంత పేర్లే వేయించుకున్నారన్న సంగతిని ఎందుకు దాటవేస్తారు?

ఈ వాదన చేయగలుగుతున్నానంటే కారణం ఒక్కటే. ఖజర్ నాణెం ఏ పొలంలో, ఏ నాణేల నడుమ దొరికిందో నమోదైంది. గుట్టలోని చివరి నాణెం 870-71 నాటిదని తెలుసు కాబట్టి నిధిని ఎప్పుడు పాతిపెట్టారో అంచనా వేయగలిగారు. స్వీడన్‌లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడకూడదు. దొరికిన వెండికి ప్రభుత్వం లోహపు విలువ, దాని మీద కనీసం ఎనిమిదో వంతు కలిపి చెల్లించాలి. స్పిల్లింగ్స్ నిధికి 20 లక్షల క్రోనర్లకు పైగా ముట్టింది.

మన 1878 నాటి నిధుల చట్టం రాసినవారు ఇంకా ఉదారంగా ఆలోచించారు. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి ఇవ్వాలి. అయినా మన పల్లెల్లో గుప్తనిధుల పేరుతో రాత్రిపూట గుళ్ళు తవ్వుతున్నారు, దొరికిన నాణేలు కంసాలి మూసలో కరిగిపోతున్నాయి. నాగలికి బిందె తగిలిన రైతుకు కేసు భయం తెలుసు, పోలీసుల భయం తెలుసు. ఆ అయిదో వంతు మాట మాత్రం ఏ తహసీల్దారు కార్యాలయం గోడ మీదా, ఏ పంచాయతీ గోడ మీదా నాకు ఇంతవరకు కనబడలేదు.