గోధుమకు పరిమితి పెంచారు, వరికి పెంచరా?

ఎండాకాలంలో నాటే ఎడగారు వరి కోతకొస్తే చాలు, నెల్లూరు జిల్లా కల్లాల్లో తరుగు గొడవ మొదలు. గింజ నిండలేదంటూ కొనేవాళ్లు పుట్టికి ఇన్ని కిలోలని తీసేస్తారు. మన దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. అందులో పోయే ప్రతి కిలో కౌలు రైతు కూలి డబ్బే. గింజ నిండకపోతే అది రైతు తప్పా?

వరి పువ్వు పొద్దున విచ్చుకుని గంటా రెండు గంటల్లో మూసుకుంటుంది. ఆ కాస్త సేపట్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, గింజ కట్టదు. నైరుతి వానలు అంతంతమాత్రంగా పడే ఈ జిల్లాలో జూన్, జూలైల్లోనూ ఎండ తగ్గదు. కోవూరు వైపు పొలంలో దిగి చూడండి. తల వంచాల్సిన కంకి నిటారుగా నిలబడి ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే ఉత్త పొట్టు, అంటే తాలు. రాత్రిళ్లు చల్లబడకపోతే ఇంకో నష్టం. పగటి ఎండలో పైరు కూడబెట్టుకున్న పిండిపదార్థం శ్వాసకే ఖర్చయిపోయి గింజ సగమే నిండుతుంది. తాలైతే తూర్పారబడితే పోతుంది. సగం నిండిన గింజ పోదు. తరుగు తీసేది దాన్ని చూపించే.

2022 మార్చిలో ఉత్తరాదిన ఇదే జరిగింది. 122 ఏళ్లలో అంత వేడి మార్చి లేదు. గోధుమ పాలుపోసుకునే వేళ ఎండ ముదిరింది, పైరు గడువుకు ముందే పండి గింజ ముడుచుకుపోయింది. ఆ మే నెలలో కేంద్రం కదిలింది. పంజాబ్, హర్యానాల్లో ప్రభుత్వం కొనే గోధుమలో ముడుచుకున్న గింజల పరిమితిని 6 శాతం నుంచి 18 శాతానికి పెంచి, ధరలో పైసా కోయకుండా కొన్నది. మంచి పనే చేసింది. మరి వరికి? పక్వం కాని, ముడుచుకున్న గింజలు 3 శాతం దాటకూడదు. గోధుమను ముడిచినా వరిని ముడిచినా ఎండ ఒక్కటే. కొలత మాత్రం రెండు రకాలా?

క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం ప్రభుత్వానికి లెక్క చెప్పాలి, సగం నిండిన గింజలు నూకైపోతే మేమెక్కడ తెస్తామని మిల్లర్లు అంటారు. నిజమే. ఆ నష్టం ప్రభుత్వం భరించాలి, గోధుమకు భరించినట్టే. రైతు నెత్తిన రుద్దడమేమిటి?

ఎడగారు పూత మీదున్నప్పుడే వ్యవసాయాధికారులు పొలాల్లో తిరిగి నష్టం రాసుకోవాలి. కోతలు మొదలయ్యేలోపే ఆ లెక్కలతో రాష్ట్రం ఢిల్లీని అడగాలి. జిల్లా నుంచి గెలిచి వెళ్లినవాళ్లలో ఒక్కరైనా ఆ 18 శాతం ఉత్తర్వు చేతపట్టుకుని నిలదీయండి. అది చేతకాకపోతే, తరుగు తీసిన మర్నాడు కల్లానికొచ్చి రైతును ఓదార్చే పని పెట్టుకోకండి.