సవరణ: హెల్ప్ డెస్క్ డబ్బు, సఖి కేంద్రం

గృహహింస బాధితుల గురించి పోయిన వారం నేను పెట్టిన పోస్టులో రెండు తప్పులున్నాయి. పోలీస్ స్టేషన్లలో మహిళా హెల్ప్ డెస్కులకు ప్రభుత్వం పైసా ఇవ్వదని, మన కోనసీమ వాళ్లమే చందాలు వేసుకోవాలని రాశాను. అది నిజం కాదు. మహిళల భద్రత కోసం 2013లో కేంద్రం పెట్టిన నిర్భయ నిధి నుంచి ఈ డెస్కులకు డబ్బు కేటాయించారు. ఆ డబ్బు సరిపోతుందా అన్నది వేరే ప్రశ్న, దాని మీద నా అసంతృప్తి అలాగే ఉంది.

రెండోది ఇంకా పెద్ద తప్పు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలో కేసు పెట్టాకే ఆశ్రయం ఇస్తారన్నాను. కేసు లేకపోయినా వెళ్లొచ్చు. వైద్యం, కౌన్సెలింగ్, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి అక్కడే ఉంటాయి. ఫిర్యాదు చేయాలనుకుంటే అందుకూ సాయం చేస్తారు. లంక ఊళ్ల నుంచి పిల్లలతో రేవు దాటి వచ్చే ఆడమనిషి నా మాట నమ్మి "ముందు కేసు పెట్టాలట" అని వెనక్కి తిరిగితే? రెండు రోజులుగా నాకు అదే టెన్షన్.

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మార్గదర్శకాలు చదివి ఇది రాస్తున్నాను. సరిచూడకుండా రాయడం నా తప్పు. పాత పోస్టును వాట్సాప్‌లో పంపినవాళ్లు దయచేసి దీన్నీ పంపండి. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181, అత్యవసరమైతే 112.